ఫ్రాన్సులో ఒక పాత చర్చి ఎప్పుడు కట్టారో మీరే తేల్చుకోవడం ఎలా

పారిస్ దగ్గరి షార్త్ర్ ఊళ్ళో కేథడ్రల్, అంటే బిషప్ పీఠమున్న పెద్ద చర్చి, ఎప్పుడు కట్టారని అడిగితే ఆరు జవాబులు చెప్పొచ్చు: 1020 తరవాత, 1145 ప్రాంతంలో, 1194 తరవాత, 1260లో, 1513లో, 1836 తరవాత. ఆరూ నిజమే. మొదటిది కింద నేలమాళిగది. రెండోది పడమటి ముఖానిది. మూడోది మనం లోపలికెళ్ళి తలెత్తి చూసే చర్చిది. నాలుగోది ప్రతిష్ఠ జరిగిన ఏడాది. అయిదోది ఉత్తరం బురుజు మీది శిఖరానిది. ఆఖరిది ఆకుపచ్చగా కనిపించే పైకప్పుది. (స్పెల్లింగు చూసి మనవాళ్ళు చార్ట్రెస్ అంటారు. పారిస్ స్టేషన్లో అలా అడిగితే టికెట్టు ఇచ్చేవాళ్ళు ఒక్క నిమిషం ఆలోచిస్తారు.)

కాబట్టి ఈ పనిలో దిగేవాళ్ళు ఒక్క ప్రశ్న అలవాటు చేసుకోవాలి. ఏ తేదీ కంటబడినా, అది బోర్డు మీదున్నా, రాతి మీదున్నా, పాత కాగితంలో ఉన్నా, "ఇది దేని తేదీ?" అని అడగాలి. కింద చెప్పేదంతా ఆ ప్రశ్నను ఎక్కడెక్కడ, ఎలా అడగాలన్నదే. ఉదాహరణలు ఎక్కువగా షార్త్ర్ నుంచే ఇస్తాను. పారిస్‌లో ఉండే తెలుగువాళ్ళు రైలెక్కితే గంటలో చేరిపోతారు. పద్ధతి మాత్రం ఏ పల్లెటూరి చర్చికైనా ఒకటే.

1. ముందు పేరు, ఊరు, హోదా

ఫ్రాన్సులో సెయింట్ మార్టిన్ పేరు మీద చర్చిలు లెక్కలేనన్ని. మన రామాలయాల్లాగే. అందుకని చర్చి పేరుతో పాటు కమ్యూన్ (మన పంచాయతీ వంటిది) పేరు, దెపార్త్‌మాఁ (మన జిల్లా వంటిది) పేరు మొదట రాసుకోండి. తరవాత అది ఒకప్పుడు ఏమిటో తెలుసుకోండి: ఊరి చర్చా, మఠమా, బిషప్ పీఠమా? మఠం కాగితాలు ఒక దొంతరలో, ఊరి చర్చి కాగితాలు ఇంకో దొంతరలో ఉంటాయి.

పాత బిషప్ ఇలాకా ఏదో కూడా చూసుకోండి. ఇప్పటి సరిహద్దులు నమ్మితే దెబ్బతింటాం. షార్త్ర్ బిషప్ ఇలాకా ఒకప్పుడు చాలా పెద్దది. 1697లో దాన్ని కోసి బ్లువా ఇలాకా చేశారు. ఇవాళ బ్లువా పక్కనున్న ఊరి చర్చికి 1697కు ముందటి కాగితాలు షార్త్ర్‌లో దొరికితే ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఇంటి దగ్గర కూర్చునే చేయగలిగే పని ఇంకోటి ఉంది. ఫ్రెంచి సాంస్కృతిక శాఖవారి మెరిమే డేటాబేస్‌లో మీ చర్చిని వెతకండి. 1834 నుంచి చారిత్రక కట్టడాల ఇన్‌స్పెక్టర్‌గా ఊరూరా తిరిగిన ప్రోస్పేర్ మెరిమే పేరే దానికి పెట్టారు. అందులో "12వ శతాబ్దం, 15వ శతాబ్దం" అని పొడిపొడిగా ఉంటుంది. పక్కనే ఇంకో తేదీ ఉంటుంది, అది ప్రభుత్వం రక్షిత కట్టడంగా గుర్తించిన తేదీ. షార్త్ర్‌కి అది 1862. కొత్తవాళ్ళు దాన్ని కూడా కట్టుబడి చరిత్రలో కలిపేస్తుంటారు.

2. 19వ శతాబ్దాన్ని ముందు ఒలిచేయండి

ఉత్సాహం కొద్దీ అందరూ పునాది నుంచి మొదలుపెడతారు. నేనైతే పైనుంచి కిందికి రమ్మంటాను. ఉల్లిపాయ ఒలిచినట్టు, ఆఖరున వేసిన పొరను ముందు తీయాలి. ఫ్రాన్సు చర్చిల్లో "ఎంత పాతగా ఉందో" అనిపించే వాటిలో చాలావాటికి రెండు వందల ఏళ్ళు కూడా ఉండవు. 19వ శతాబ్దపు మరమ్మతుదారులు మధ్యయుగంవాళ్ళ కంటే శుభ్రంగా మధ్యయుగాన్ని చెక్కారు.

షార్త్ర్‌లో 1836 జూన్ 4న పైకప్పు కాలిపోయింది. అడవి అని పిలుచుకునేంత దట్టమైన దూలాల చట్రం బూడిదైంది. దాని స్థానంలో ఇనుప చట్రం పెట్టి రాగిరేకు కప్పారు. దూరం నుంచి పొలాల మధ్య పచ్చగా కనిపించే ఆ కప్పు ఈ కథలో చిన్నపిల్ల. కింద ఉన్న రాతి కమాను కప్పు మాత్రం మంటకు తట్టుకుని నిలబడింది. దాన్ని కట్టింది అందుకే కదా.

ఈ పొర తీయడానికి పాత బొమ్మలు కావాలి. 1851లో చారిత్రక కట్టడాల సంఘం అయిదుగురు ఫోటోగ్రాఫర్లను దేశం మీదికి పంపింది. పెద్ద మరమ్మతులకు ముందు చాలా చర్చిలు ఎలా ఉండేవో ఆ ఫోటోల్లో దొరుకుతుంది. అంతకుముందు, 1700 ప్రాంతంలో, రోజే ద గెన్యేర్ అనే సేకరణకర్త గీయించిన బొమ్మలు ఫ్రాన్సు జాతీయ గ్రంథాలయం వెబ్‌సైట్ గాలికాలో ఉచితంగా చూడొచ్చు. పల్లె చర్చికి ఇవేవీ ఉండకపోవచ్చు. దానికి నెపోలియన్ కాలంలో మొదలైన భూమి సర్వే పటాలు ఉన్నాయి, చర్చి చుట్టుగీత అందులో పడుతుంది. ఆ పటంలో లేని గది ఇవాళ కనిపిస్తే, అది పటం తరవాతిదే. పది నిమిషాల్లో తేలిపోయే పని.

3. కాగితాలు: ఎక్కడ, ఏ అక్షరం కింద

ప్రతి దెపార్త్‌మాఁకీ ఒక ఆర్కైవ్స్ ఉంటుంది. ఫ్రెంచి విప్లవానికి ముందటి బిషప్పులు, ఊరి చర్చిల కాగితాలు "జి" వరసలో, మఠాలవి "హెచ్" వరసలో ఉంటాయి. 1789 నవంబరులో చర్చి ఆస్తులు జాతిపరం అయ్యాయి. ఆ అమ్మకాల కాగితాలు "క్యూ" వరసలో చూడాలి. కూల్చేసిన ప్రార్థనా గది ఎవరికి అమ్మారో, రాళ్ళు ఎటు పోయాయో అక్కడే తెలుస్తుంది. 19వ శతాబ్దపు మరమ్మతులకు "వి", "ఓ" వరసలు.

ఊరి చర్చి విషయంలో అన్నిటికంటే పనికొచ్చేవి ఫాబ్రిక్ లెక్కలు. ఫాబ్రిక్ అంటే చర్చి జమాఖర్చులు చూసే ఊరి పెద్దల మండలి, మన గుడి ధర్మకర్తల వంటిది. సున్నం ఎన్ని బస్తాలు, మేస్త్రీకి ఎన్ని రోజుల కూలి, గంట కట్టే తాడు ఖరీదెంత, అన్నీ ఉంటాయి. బిషప్పు తరఫున తనిఖీకి వచ్చినవాళ్ళ నివేదికలూ వదలొద్దు. "కప్పు కారుతోంది, ఉత్తరం గోడ పగిలింది" అని వాళ్ళు మొహమాటం లేకుండా రాస్తారు.

చదివేటప్పుడు కాగితం ఏ భాగం గురించి మాట్లాడుతోందో పట్టుకోవాలి. 1145 ప్రాంతంలో షార్త్ర్‌లో జనం తామే బళ్ళకు కట్టుకుని రాళ్ళూ కలపా లాగారని మోఁ సాఁ మిషెల్ మఠాధిపతి రోబేర్ ద తోరిన్యీ తన వృత్తాంతంలో రాశాడు. ఆ భక్తి దృశ్యం అందరూ ఉటంకిస్తారు. మనకు కావలసింది అందులో ఒక చిన్న ముక్క: "అప్పుడు బురుజులు కడుతున్న" చర్చి అంటాడు. చర్చి మొత్తం కడుతున్నారని అనలేదు, బురుజులు అన్నాడు. తేదీ దేనిదో కాగితమే చెప్పేసింది.

ప్రతిష్ఠ తేదీల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. షార్త్ర్ ప్రతిష్ఠ 1260 అక్టోబరు 24న జరిగింది. పని ఆ రోజుకి ముగిసిందనుకుంటే నలభై ఏళ్ళ తేడా వస్తుంది. ఎందుకంటే గాయకమండలి కూర్చునే ఆసనాలు ఎవరికెక్కడో 1221 జనవరిలోనే పంచుకున్నారు. కప్పులేని చోట ఎవరూ కుర్చీల కోసం తగువు పడరు.

ఆ 1221లో కూడా ఒక మెలిక ఉంది. ఉత్తర ఫ్రాన్సులో చాలాచోట్ల అప్పట్లో కొత్త సంవత్సరం ఈస్టర్‌తో మొదలయ్యేది. అంటే జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలలు పాత ఏడాది లెక్కలోకే పోయేవి. కాగితంలో "1220 జనవరి" అని ఉంటే మన లెక్కలో 1221. ఈ పద్ధతి పోయి జనవరి 1 స్థిరపడింది 1564 నాటి రాజశాసనంతో. ఉగాదికి ముందు పుట్టినవాళ్ళ జాతకంలో ఏ సంవత్సరం పేరు రాస్తారో తెలిసిన మనకు ఇది పెద్ద వింతేం కాదు. రోజులు కూడా "సెయింట్ రెమీ పండగ తరవాతి మంగళవారం" అన్నట్టు రాస్తారు, పండగల పట్టిక పక్కన పెట్టుకోవాలి. విప్లవకాలపు కాగితాల్లోనైతే "రెండో సంవత్సరం, ఫలానా నెల" అని వేరే కేలండరే ఉంటుంది.

కొన్నిసార్లు వెతికినా దొరకవు. 1944 మే 26న బాంబులు పడి షార్త్ర్ మునిసిపల్ గ్రంథాలయం తగలబడింది. మధ్యయుగపు రాతప్రతులు కొన్ని వందలు మాడిపోయాయి. అలాంటి చోట 19వ శతాబ్దంలో ఎవరో ఓపిగ్గా నకలు తీసి అచ్చువేసిన దానపత్రాల సంకలనాలే దిక్కు. నకలు వాడితే నకలు అని రాసుకోండి.

4. గోడ దగ్గరికి వెళ్ళండి

ఇక అసలు పని. బైనాక్యులర్, టేపు, నోట్‌బుక్, ఫోను చాలు. పొద్దున్నో సాయంత్రమో, ఎండ గోడకు ఏటవాలుగా పడే వేళ వెళ్ళండి. నడినెత్తి ఎండలో ఉలి గాట్లు కనపడవు. ముందు బయట ఒక చుట్టు తిరగండి, ఏమీ రాయకుండా. రెండో చుట్టులో నోట్‌బుక్ తెరవండి.

మొదట వెతకాల్సింది నిలువు అతుకు. రాళ్ళ వరుసలు ఒకదాన్నొకటి కరుచుకోకుండా, పైనుంచి కిందికి తిన్నగా గీత కనిపిస్తే అక్కడ రెండు పనులు కలిశాయి. ఫ్రెంచివాళ్ళు దీన్ని కత్తి వేటు అంటారు. ఏ గోడ ఏ గోడకు ఆనిందో చూడండి, ఆనుకున్నదే తరవాతిది. కొన్నిచోట్ల గోడ చివర రాళ్ళు పళ్ళలా ముందుకు పొడుచుకొచ్చి ఉంటాయి. తరవాత కలుపుదామని వదిలి, కలపలేకపోయారన్నమాట. పై అంతస్తు వేద్దామని మన ఊళ్ళలో స్లాబ్ మీద ఇనుప చువ్వలు వదిలేస్తామే, అదే ఆశ, అదే గతి.

తరవాత వరుసల ఎత్తు. గోడ మీద మూడు నాలుగు చోట్ల అయిదేసి వరుసలు కొలవండి. ఒకచోట ఎత్తు మారిందంటే రాతి గని మారిందో, మేస్త్రీ మారాడో, మధ్యలో పని ఆగిందో. రాయి రంగూ చూడండి. షార్త్ర్‌కి వాడిన గట్టి సున్నపురాయి దగ్గర్లోని బెర్షేర్ గనులది. ఆ రాయిలో చిన్న చిల్లులు ఉంటాయి. సన్నని చెక్కడానికి మెత్తరాయి వేరేచోటి నుంచి తెచ్చేవాళ్ళు. అందుకని రాయి మారిన ప్రతిచోటా కాలం మారిందనుకోకండి, పని రకం మారి ఉండొచ్చు.

వరుసగా, ఒకే ఎత్తులో చదరపు రంధ్రాలు కనిపిస్తే అవి పరంజా కర్రలు గుచ్చినవి. వాటి వరుసలు ఒక గోడ నుంచి పక్క గోడకు అదే ఎత్తులో సాగితే రెండూ ఒకే పరంజా మీద లేచాయి. సాగకపోతే అనుమానించండి. రాతి ముఖం మీద ఏటవాలుగా సన్నని సమాంతర గీతలుంటే అది గొడ్డలి వంటి పనిముట్టు దెబ్బ. దువ్వెన గీసినట్టు చిన్నచిన్న పళ్ళ గుర్తులుంటే పళ్ళున్న పనిముట్టు. ఈ రెండోది ఉత్తర ఫ్రాన్సులో 12వ శతాబ్దం చివరి నుంచి బాగా వాడుకలోకి వచ్చింది. అచ్చు గుద్దినట్టు ఏకరీతిగా ఉన్న గీతలు 19వ శతాబ్దపు మరమ్మతు అయ్యుండే అవకాశం ఎక్కువ.

ఇప్పుడు షార్త్ర్ పడమటి ముఖం ఎదురుగా నిలబడండి. కింద రాజద్వారం, దాని మీద మూడు పొడవాటి కిటికీలు. ద్వారం స్తంభాలకు ఆనుకుని సన్నగా, పొడుగ్గా, పాదాలు వేలాడేసుకుని నిలబడ్డ రాజులూ రాణులూ. ఇదంతా 12వ శతాబ్దం మధ్యది. అక్కడి నుంచి కళ్ళు నెమ్మదిగా పైకి జరపండి. మూడు కిటికీల నెత్తిన గులాబీ కిటికీ వస్తుంది. చక్రంలా బరువుగా, రాతి పలక తొలిచినట్టుంటుంది. అది 13వ శతాబ్దం మొదట్లోది. ఈ రెండింటి మధ్య 1194 జూన్ 10 రాత్రి చెలరేగిన మంట ఉంది. ఆ మంటలో వెనకున్న చర్చి పోయింది, ఈ ముఖం, రెండు బురుజులు, నేలమాళిగ మిగిలాయి. మిగిలిన ముఖానికి అంతకంటే ఎత్తైన కొత్త చర్చిని అతికించాల్సి వచ్చింది. ఆ పెరిగిన ఎత్తును నింపడానికే పైన గులాబీ కిటికీ. కాగితం ఒక్కటీ చదవకుండానే, ఏది ముందో ఏది వెనకో ఆ గోడే చెప్పేస్తుంది.

5. కిందికీ పైకీ

నేలమాళిగ ఉంటే తప్పక దిగండి. షార్త్ర్ నేలమాళిగ 1020 మంట తరవాత బిషప్ ఫుల్బేర్ కట్టించినది. తూర్పు కొసన మూడు లోతైన అర్ధవృత్తపు గదులు బయటికి పొడుచుకొస్తాయి. 1194 తరవాత వచ్చిన మేస్త్రీలు ఆ పునాదుల మీదే నిలబడి పని చేయాల్సి వచ్చింది. పైన బలిపీఠం వెనక గదుల్లో కొన్ని లోతుగా, కొన్ని లోతు తక్కువగా ఎందుకున్నాయో కిందికి దిగితేగానీ అర్థం కాదు.

పైన అటక చూడనిస్తే అదృష్టం. పల్లె చర్చిల్లో నాకు అన్నిటికంటే ఎక్కువ సమాచారం ఇచ్చింది అటకే. బురుజు గోడ మీద గుడారం ఆకారంలో ఒక గీత ఉంటుంది. అది పాత కప్పు ఆనిన చోటు. ఇప్పటి కప్పు దానికంటే ఎత్తులో ఉంటే, చర్చిని మధ్యలో ఎప్పుడో పెంచారు.

లోపలి గోడల దగ్గర ఒక మోసం ఉంది. షార్త్ర్‌లో ఇటీవలి శుభ్రత తరవాత లేత పసుపు గోడ మీద తెల్లటి గీతలతో చక్కటి రాతి అతుకులు కనిపిస్తాయి. వాటిని కొలవకండి. అవి 13వ శతాబ్దంలో పూత మీద గీసిన ఉత్తుత్తి అతుకులు, అసలు రాళ్ళు వాటి వెనక వేరే కొలతల్లో ఉన్నాయి.

6. శైలిని ఆఖరున నమ్మండి

పుస్తకాలన్నీ కిటికీ ఆకారంతోనే మొదలుపెడతాయి. అందుకే ఇక్కడ దాన్ని వెనక్కి నెట్టాను. మందపాటి గోడలో గుండ్రటి తలతో చిన్న కిటికీ అయితే 11, 12 శతాబ్దాలు. మొనదేలిన ఒంటి కిటికీ అయితే 12 చివర, 13 మొదలు. సన్నని రాతి కడ్డీలతో అల్లిన కిటికీ అయితే 1211లో మొదలైన రేన్స్ కేథడ్రల్ తరవాతి మాట. మంటలు నాలుకలు చాచినట్టు వంపులు తిరిగితే 14 చివరి నుంచి 16 మొదటి వరకు. షార్త్ర్ దక్షిణం వైపు కిటికీల వరుసలో ఒక్కటి ఇలా మంటలాడుతూ ఉంటుంది, 1417లో మొదలైన వాఁదోమ్ ప్రార్థనా గది అది.

ఇది రాజధాని దగ్గరి పెద్ద చర్చిల లెక్క. పల్లెలకు ఫ్యాషన్ ఒక తరం ఆలస్యంగా చేరేది. పైగా పాత సామాను పారేసేవాళ్ళు కారు. షార్త్ర్‌లో నీలి వస్త్రాల మరియమ్మ ఉన్న ప్రసిద్ధ రంగుటద్దాల కిటికీ చూడండి: మధ్యలో మరియమ్మ 1194కు ముందుది, చుట్టూ ఉన్న దేవదూతలు 13వ శతాబ్దంవాళ్ళు. ఒకే చట్రంలో రెండు కాలాలు.

7. ముద్రలు, రాతలు

కుటుంబ చిహ్నాలు దొరికితే పండగే. ఉత్తరం వైపు గులాబీ కిటికీ కింద ఫ్రాన్సు రాజవంశపు లిల్లీలు, స్పెయిన్‌లోని కస్తీల్ రాజ్యపు కోటల గుర్తులు పక్కపక్కనే ఉంటాయి. ఆ రెండూ కలిసేది కస్తీల్ నుంచి వచ్చిన రాణి బ్లాన్ష్, ఆమె కొడుకు తొమ్మిదో లూయీ దగ్గర. ఆమె 1252లో చనిపోయింది. అద్దం ఏ కాలానిదో సుమారుగా బిగిసిపోయింది.

ఉత్తరం బురుజులోనైతే ఒక శాసనం బురుజే మాట్లాడుతున్నట్టు ఉంటుంది: నేనొకప్పుడు సీసంతో, కలపతో కట్టినదాన్ని, 1506లో సెయింట్ ఆన్ పండగనాడు సాయంత్రం ఆరింటికి పిడుగు నన్ను కాల్చేసింది, అని. దాని తరవాతే జెహాన్ ద బోస్ 1507 నుంచి 1513 దాకా రాతి శిఖరం కట్టాడు. అందుకే రెండు శిఖరాలకు పోలిక లేదు. దక్షిణపుది 12వ శతాబ్దపు నున్నటి రాతి సూది.

అన్ని రాతలూ ఇంత నిజాయితీగా ఉండవు. షార్త్ర్ చుట్టూ ఉన్న బోస్ మైదానంలో ఒక చిన్న చర్చి తలుపు మీద 1624 అని చెక్కి ఉంటే, పడమటి గోడ మొత్తం 17వ శతాబ్దమని రాసేసుకుని ఇంటికొచ్చాను. ఫోటోలు పెద్దవి చేసి చూస్తే తలుపు చుట్టూ నిలువు అతుకు. గోడ మీద పరంజా రంధ్రాలు పక్క గోడతో సమంగా సాగుతున్నాయి, ఆ పక్క గోడకేమో 13వ శతాబ్దపు కిటికీలు. 1624 తలుపుది, అంతే. నా ప్రశ్న నేనే అడగడం మరిచిపోయాను.

8. లాబొరేటరీ, అనుమతులు

దూలాల్లో వయసు వలయాలు లెక్కపెట్టి చెట్టు ఏ ఏడాది నరికారో చెప్పొచ్చు. బెరడు మిగిలి ఉంటే కచ్చితంగా ఏడాది వస్తుంది. బయటి తెల్లచేవ పూర్తిగా చెక్కేసి ఉంటే "ఫలానా ఏడాది తరవాత" అని మాత్రమే. ఓక్ దూలాలు పచ్చిగానే వాడేవాళ్ళు కాబట్టి నరికిన ఏడాదికీ బిగించిన ఏడాదికీ పెద్ద తేడా ఉండదు, అది పాత దూలం కాకపోతే. పారిస్ నోత్రె దామ్‌లో 13వ శతాబ్దపు కప్పు చట్రంలో అంతకుముందు 1160లలో నరికిన దూలాలు మళ్ళీ వాడారు. సున్నంలో చిక్కుకున్న బొగ్గు నలుసులకు రేడియోకార్బన్ పరీక్ష కూడా ఉంది. ఇవన్నీ నిపుణుల పని, అనుమతితో చేయాలి. మీరు మాత్రం గోకకండి, గీరకండి. రక్షిత కట్టడంలో చిటికెడు సున్నం రాల్చినా నేరమే.

1905 చట్టం తరవాత పాత ఊరి చర్చిలు కమ్యూన్ సొత్తు, కేథడ్రల్స్‌లో అత్యధికం ప్రభుత్వానివి. అటక ఎక్కాలన్నా బురుజు చూడాలన్నా ఊళ్ళో మేరీలో, అంటే మన పంచాయతీ ఆఫీసు వంటి దానిలో, ముందే ఉత్తరం రాయండి. పాదర్‌గారికి కూడా ఒక మాట చెప్పండి.

9. కాగితం మీద పెట్టడం

చర్చి నేల పటం ఒకటి, ఎదురు ముఖం బొమ్మ ఒకటి గీసుకోండి. మొదట తేదీలు వేయకండి. ఏది దేనికి ముందు, ఏది దేని మీద కూర్చుంది, అంతే రాసి గీతలతో కలపండి. ఆ వరుస కుదిరాక తేదీలు తగిలించండి. ప్రతి తేదీ పక్కన మూడు మాటలు: ఏ భాగానిది, ఏ ఆధారంతో, ఎంత నమ్మకంతో. కాగితం చెబితే ఒక రంగు, గోడ చెబితే ఒక రంగు, శైలిని బట్టి మీరు ఊహిస్తే పెన్సిల్. షార్త్ర్ పడమటి ముఖానికి నేను గీసిన దాంట్లో రాజద్వారం ఇప్పటికీ పెన్సిల్‌లోనే ఉంది. అది మొదటి నుంచీ అక్కడే ఉందా, వెనక నుంచి ముందుకు జరిపి మళ్ళీ పేర్చారా అని పండితులు నూరేళ్ళకు పైగా కొట్టుకుంటున్నారు.

గోడకు మరమ్మతు పరంజా కట్టారని తెలిస్తే మళ్ళీ వెళ్ళండి, మేస్త్రీలతో మాట్లాడండి. ముప్ఫై మీటర్ల ఎత్తులో రాయిని చేత్తో తడిమినవాడు వాడొక్కడే. మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా మాత్రం వెళ్ళకండి. భోజనాల వేళ, మేరీ తలుపూ చర్చి తాళమూ రెండూ మూసే ఉంటాయి.